తేమకు మార్కులు, వేడి దగ్గర ఫెయిల్: మా ట్రే ఫెర్మెంటర్ సంగతి

ఐదుకు రెండున్నర. మూడు ఇద్దామనుకున్నాను గానీ, తలుపు తెరిచినా ఫ్యాను ఆగని యంత్రానికి మూడు వేయడానికి చెయ్యి రాలేదు. ఆ సంగతి కింద చెబుతాను.

ముందు వస్తువేమిటో చెప్పాలి. మనిషెత్తు స్టీలు అలమర. లోపల పన్నెండు ట్రేలు, అడుగున సన్న చిల్లులతో. వెనక గోడకు ఫ్యాన్లు, కింద నీటిని సన్నటి తుంపరగా మార్చే అల్ట్రాసోనిక్ యూనిట్, ముందు ఒక టచ్ ప్యానెల్. గోధుమ తవుడు, వరిగడ్డి, చెరకు పిప్పి లాంటివాటిని తడిపి, ఆటోక్లేవ్‌లో (ఒత్తిడి ఆవిరి పాత్ర) శుద్ధి చేసి, బూజు విత్తనం కలిపి ఈ ట్రేల్లో పరుస్తాం. బూజు ఆ మేతను తినడానికి ఎంజైములను బయటికి వదులుతుంది. నాలుగైదు రోజులయ్యాక ఆ మొత్తాన్ని బఫర్‌లో, అంటే పుల్లదనం మారకుండా నిలిపే ద్రావణంలో నానబెట్టి పిండుకుంటే ఎంజైము ద్రావణం చేతికొస్తుంది. మాది చిన్న యూనిట్, ఫెర్మెంటేషన్ గది నా బాధ్యత. ఇందులో మేం ముఖ్యంగా ట్రైకోడెర్మా రీసీ అనే బూజుతో సెల్యులేజు (సెల్యులోజును కరిగించే ఎంజైము), ఆస్పర్‌జిల్లస్ నైగర్ అనే నల్ల బూజుతో జైలనేజు (జైలాన్‌ను కరిగించేది) తీస్తున్నాం. తయారీదారు పేరు రాయడం లేదు. ఈ తరహా అలమరలు చాలామంది చేస్తున్నారు, ఏది కొంటున్నా అడగాల్సిన ప్రశ్నలు ఇవే.

పెద్ద కంపెనీలు ఎంజైములను ఎక్కువగా ద్రవంలోనే తీస్తాయి. పెద్ద స్టీలు ట్యాంకులు, కలియబెట్టే చక్రాలు, లోపలికి గాలి, చుట్టూ చల్లటి నీళ్ల జాకెట్. ట్రే పద్ధతి దానికన్నా పాతది. జోకిచి టకమినే 1894లో అమెరికాలో పేటెంటు తీసుకున్న టకా డయాస్టేజ్ అనే ఎంజైము మందు తయారైంది గోధుమ తవుడు మీద పెంచిన ఆస్పర్‌జిల్లస్ ఒరైజీ బూజుతోనే. పాతదైనా ఈ పద్ధతిలో సుఖం ఉంది. నీళ్లు తక్కువ, వ్యర్థజలం తక్కువ, పిండుకున్న ద్రావణం చిక్కగా ఉంటుంది. గడ్డిని ద్రవంలో కలిపి తిప్పాలంటే మోటారు మూలుగుతుంది, ట్రేలో అయితే ఆ గడ్డే బూజుకు ఇల్లూ తిండీ. అందుకే ట్రే కొన్నాం, ఆ నిర్ణయం మీద ఇప్పటికీ నాకు అనుమానం లేదు. అనుమానమల్లా ఈ అలమర మీదే.

మంచితో మొదలుపెడతాను. తేమ విషయంలో ఈ యంత్రం బంగారం. ప్యానెల్ మీద గాలి తేమ 95 శాతం పెడితే రెండు శాతం అటూ ఇటూ తేడాతో రాత్రంతా అక్కడే నిలబడుతుంది. వేరే హైగ్రోమీటరు పెట్టి సరిచూశాను, అబద్ధం చెప్పడం లేదు. తేమ నిలవకపోతే తవుడు పైపొర ఎండి పెచ్చుకడుతుంది, బూజు అక్కడితో ఆగిపోతుంది. మా మిశ్రమంలో తేమ 60 నుంచి 65 శాతం ఉండేలా చూస్తాం. గుప్పెట్లోకి తీసుకుని గట్టిగా నొక్కితే వేళ్ల సందుల్లో నీరు మెరవాలి, బొట్టు మాత్రం రాలకూడదు. తూకం వేసి ఎన్ని లెక్కలు కట్టినా, మా గదిలో ట్రే నింపేవాళ్లు చివరికి నమ్మేది ఈ గుప్పెడు పరీక్షనే. ఈ అలమరలోంచి మూడో రోజు తీసిన తవుడు కూడా ఆ పరీక్షలో నెగ్గింది.

ఒక్క చిన్న చిరాకు ఉంది. అలమర పైకప్పు బల్లపరుపుగా ఉంది. తుంపర అక్కడ చేరి బొట్లు కట్టి, తిన్నగా పై ట్రే మీద పడుతుంది. బొట్టు పడినచోట రూపాయి బిళ్లంత మేర తవుడు జావలా అయి, తెల్లటి బూజు మధ్యలో జిగట మరక తేలుతుంది. వాసన చూస్తే పుల్లగా, కొంచెం కుళ్లుగా ఉంటుంది. అది బ్యాక్టీరియా. పైకప్పుకు ఓ పక్కకి కాస్త వాలు ఇచ్చి ఉంటే ఈ గొడవే లేదు. మేం పై ట్రేని ఖాళీగా పెట్టి గొడుగులా వాడుతున్నాం. అంటే కొన్నది పన్నెండు ట్రేల యంత్రం, నడిపేది పదకొండు.

ఇక అసలు సమస్యకు వద్దాం.

బూజు తినేటప్పుడు వేడి పుడుతుంది. కోతయ్యాక తడి ఆరకుండా వేసిన గడ్డివాములోకి చెయ్యి పెట్టి చూసినవాళ్లకు ఇది వివరించక్కర్లేదు. ఒక గ్రాము గ్లూకోజు పూర్తిగా ఖర్చయితే సుమారు 16 కిలోజౌళ్ల శక్తి వస్తుంది, అందులో చాలా భాగం వేడిగానే పోతుంది. తవుడు వేడిని సరిగ్గా ప్రసరింపనివ్వదు. పైగా రెండో రోజుకల్లా బూజు పోగులు తవుడు రేణువులన్నిటినీ కలిపి కుట్టేస్తాయి. ట్రేని వంచితే దిమ్మలా ఊడి వచ్చేంత గట్టిగా. ఇక ఆ దిమ్మ లోపలికి గాలి దూరదు, లోపలి వేడి బయటికి రాదు.

బ్రోషరులో లోతు ఐదు సెంటీమీటర్లు అని రాసి ఉంది. వాళ్లు చెప్పినట్టే నింపాం. ప్యానెల్ మీద 30 డిగ్రీలు. దాదాపు ముప్పై గంటలు దాటాక సన్న ప్రోబు ఒకటి తీసుకుని ట్రేలోకి గుచ్చాను. అంచు దగ్గర 32. మధ్యలో, అడుగు నుంచి రెండు వేళ్ల ఎత్తున 43. ప్యానెల్ మాత్రం ప్రశాంతంగా 30 చూపిస్తూనే ఉంది, ఎందుకంటే దాని ప్రోబు వేలాడేది ట్రేల మధ్య గాలిలో. ట్రైకోడెర్మా రీసీకి 28 నుంచి 30 డిగ్రీలు హాయి. 43 దగ్గర అది ఎంజైము చేసే స్థితిలో ఉండదు, ప్రాణం నిలబెట్టుకోవడానికే తంటాలు పడుతుంది. కోత రోజున అంచు భాగాన్నీ మధ్య భాగాన్నీ వేరువేరుగా పిండి పరీక్షిస్తే, గ్రాము పొడి బరువుకు మధ్య భాగం ఇచ్చింది అంచు ఇచ్చినదాంట్లో సగం కన్నా తక్కువ. మధ్యలో దిమ్మ విరిచి చూస్తే రంగు కూడా వేరు. అంచున తెల్లగా, పొడిపొడిగా ఉంటే, మధ్యలో గోధుమరంగులో ఉడికిన వాసన.

సర్వీసు కుర్రాడికి ఫోన్ చేశాను. చాలా మర్యాదగా మాట్లాడాడు, పాపం.

"మేడమ్, సెట్ పాయింట్ ఎంతుందండీ?"

"ముప్పై."

"రీడింగ్ ఎంత చూపిస్తోందండీ?"

"ముప్పై. కానీ బాబూ, తవుడులో నలభై మూడు."

"తవుడు టెంపరేచర్ మా స్పెసిఫికేషన్‌లో లేదు మేడమ్."

నిజమే, లేదు. మొత్తం బ్రోషరు తిరగేశాను. గాలి ఉష్ణోగ్రత ఎంత కచ్చితంగా ఉంటుందో దశాంశాలతో సహా రాశారు గానీ, మేత ఉష్ణోగ్రత గురించి ఒక్క ముక్క లేదు.

ఇక్కడో తమాషా ఉంది. ఈ అలమర గొప్పగా చేసే పనే దాని కొంప ముంచుతోంది. ట్రేలోంచి వేడి బయటపడే దారుల్లో బలమైనది నీరు ఆవిరి కావడం. 30 డిగ్రీల దగ్గర ఒక గ్రాము నీరు ఆవిరైతే సుమారు 2.4 కిలోజౌళ్లు పట్టుకుపోతుంది. అంటే గ్రాము చక్కెర వేడినంతా ఆవిరితోనే వదిలించుకోవాలంటే ఆరు గ్రాములకు పైగా నీరు ఎగరాలి. చుట్టూ గాలి 95 శాతం తేమతో నిండి ఉంటే ఆ ఆవిరికి చోటేదీ? తేమ తగ్గిస్తే మేత ఎండుతుంది, పెంచితే మేత ఉడుకుతుంది. ట్రే పద్ధతి మొదలైనప్పటి నుంచి ఉన్న ఇరకాటమే ఇది, ఈ తయారీదారు పుట్టించింది కాదు. అయితే యంత్రం అని పేరు పెట్టి అమ్మేవాళ్లు ఈ ఇరకాటంలో మనకు సాయపడాలి కదా. మేతలో ప్రోబు గుచ్చి, అది చెప్పినదాన్నిబట్టి ఫ్యాను వేగం, తేమ మారేలా చేయాలి. వీళ్లు తేమను ఒకే అంకె దగ్గర బిగించి చేతులు దులుపుకున్నారు.

మేం చేతితో చేస్తున్నది ఇదీ. లోతును రెండున్నర సెంటీమీటర్లకు దించాం. మొదటి రోజు గాలి 30, తేమ 95. వేడి ఎక్కే సమయానికి గాలిని 26కు, తేమను 85కు తగ్గించి, ఫ్యాన్లను పూర్తి వేగంలో పెడతాం. మేత ఎండుతున్నట్టు కనిపిస్తే శుద్ధి చేసిన నీళ్లు పల్చగా పిచికారీ. ఇలా చేస్తే మధ్య భాగం 34 దాటడం లేదు. ఫలితం బాగుంది. కానీ లోతు సగమైతే సరుకూ సగమే. పైగా ఈ మార్పులన్నీ వేళకి ఎవరో ఒకరు వచ్చి ప్యానెల్ నొక్కి చేయాలి, ప్రోగ్రాం పెట్టుకునే వీలు లేదు. ఆటోమేటిక్ అన్న మాట బ్రోషరు అట్ట మీద పెద్దక్షరాల్లో ఉంది.

మధ్యలో కలియబెట్టొచ్చు కదా అని అడుగుతారు. చేయొచ్చు, జపాన్‌లో ధాన్యం మీద బూజు పెంచి కోజీ తయారుచేసేవాళ్లు తరతరాలుగా చేస్తున్నదే. కలియబెడితే వేడి దిగుతుంది, గడ్డలు విడిపోతాయి, పోగులూ తెగుతాయి. కొన్ని బూజులు తట్టుకుంటాయి, కొన్ని అలుగుతాయి. ఈ అలమరలో ఆ ఏర్పాటు లేదు కాబట్టి తలుపు తీసి ట్రే బయటికి లాగి చేయాలి. తలుపు తీయడం అంటే ఏమిటో చివర్లో చెబుతాను.

ఇప్పుడు బ్రోషరులోని అంకెల సంగతి. "గ్రాముకు ఇన్ని యూనిట్ల సెల్యులేజు" అని ఓ భారీ సంఖ్య వేశారు. ఏ యూనిట్లు? సెల్యులేజుకు ఫిల్టర్ పేపర్ యూనిట్ అని ఒకటి ఉంది, పద్ధతి తేటతెల్లం. వాట్మన్ 1 అనే వడపోత కాగితం, ఒక సెంటీమీటరు వెడల్పు, ఆరు సెంటీమీటర్ల పొడవు, బరువు 50 మిల్లీగ్రాములు. పీహెచ్ 4.8 బఫర్‌లో, 50 డిగ్రీల దగ్గర, 60 నిమిషాలు. అరమిల్లీలీటరు ఎంజైము ఆ గంటలో 2 మిల్లీగ్రాముల గ్లూకోజును విడిపిస్తే ఆ ద్రావణం బలం మిల్లీలీటరుకు 0.37 యూనిట్లు. విడిపోయిన చక్కెరను, అది తగిలితే రంగు మారే డీఎన్‌ఎస్ అనే రసాయనంతో 540 నానోమీటర్ల దగ్గర కొలుస్తాం. కాగితం గట్టి మేత, అన్ని రకాల సెల్యులేజులూ కలిసి పనిచేస్తేనే కరుగుతుంది. అదే సీఎంసీ అనే కరిగే సెల్యులోజు మీద కొలిస్తే, సెల్యులేజుల్లో ఒక రకమైన ఎండోగ్లూకనేజు ఒక్కదానికే అంకె ఆకాశానికెక్కుతుంది. అమ్మేవాళ్లు ఏ అంకె వేస్తారో నేను చెప్పక్కర్లేదు.

అంతటితో అయిపోలేదు. గ్రాముకు అంటే తడి గ్రాముకా, పొడి గ్రాముకా? 65 శాతం తేమ ఉన్న మేతలో గ్రాముకు పొడి పదార్థం 0.35 గ్రాములే. అదే ఎంజైమును తడి బరువుతో చెబితే ఒక అంకె, పొడి బరువుతో చెబితే దాదాపు మూడు రెట్లు. ఇంకొకటి. తవుడు పిండిన ద్రావణంలో తవుడు చక్కెరలు ముందే ఉంటాయి, డీఎన్‌ఎస్ వాటినీ ఎంజైము పనితనంగానే లెక్కగడుతుంది. కాగితం లేకుండా ఒక్క ఎంజైముతోనే ఒక బ్లాంకు (పోల్చిచూసే పరీక్ష) పెట్టి దాని అంకెను తీసేయాలి. ఈ మూడు వివరాలు రాతపూర్వకంగా అడిగితే నాకు జవాబుగా వచ్చింది అదే బ్రోషరు, ఈసారి రంగుల్లో.

యంత్రంతోపాటు ఉచితంగా ఓ పొట్లం స్టార్టర్ కూడా ఇస్తారు. మీద "హై యీల్డ్ ఫంగస్" అని మాత్రం రాసి ఉంది. మా అసిస్టెంటు అమ్మాయి దాన్ని ప్లేటు మీద పెంచుదామా మేడమ్ అంటే వద్దన్నాను, ఆటోక్లేవ్‌లో వేసి పారేయించాను. జాతి పేరు, స్ట్రెయిన్ (జాతిలో ఒక్కో వంశం) నంబరు లేని బూజును పని గదిలోకి రానివ్వకూడదు. ఆస్పర్‌జిల్లస్ ఒరైజీకీ, అఫ్లటాక్సిన్ అనే విషం చేసే ఆస్పర్‌జిల్లస్ ఫ్లేవస్‌కూ కంటికి తేడా పట్టడం కష్టం. నైగర్‌లో కూడా ఓక్రటాక్సిన్ అనే మరో విషం చేసే స్ట్రెయిన్లు కొన్ని ఉన్నాయి. స్ట్రెయిన్‌కు పుట్టుపూర్వోత్తరాలు ఉండాలి. ట్రైకోడెర్మా రీసీనే తీసుకోండి. ఇవాళ పరిశ్రమలో వాడే స్ట్రెయిన్లన్నీ వెనక్కి లెక్కపెట్టుకుంటూ పోతే క్యూఎం6ఏ అనే ఒక్క దాని దగ్గర తేలతాయి. రెండో ప్రపంచయుద్ధంలో సోలమన్ దీవుల్లో అమెరికా సైన్యం నూలు గుడారాలను తినేస్తుంటే పట్టుకున్న బూజు అది. దాన్ని పట్టుదలగా చదివిన ఎల్విన్ రీస్ పేరే జాతికి పెట్టారు. తర్వాత రట్గర్స్ విశ్వవిద్యాలయంలో తయారైన రట్ సీ30 దాని వారసురాలే. కల్చర్ సేకరణ కేంద్రం నుంచి నంబరుతో తెచ్చుకుంటే ఈ చరిత్రంతా మీ ట్యూబుతోపాటు వస్తుంది.

"ఏ వ్యవసాయ వ్యర్థమైనా పనికొస్తుంది" అన్నది మరో హామీ. వేరుశనగ తొక్క మీద వేసి చూడండి, లిగ్నిన్ అనే గట్టి చెక్క పదార్థంతో బిగుసుకుపోయిన ఆ తొక్కను బూజు వాసన చూసి వదిలేస్తుంది. వరిగడ్డిలో సెల్యులోజు పుష్కలం గానీ సిలికా, లిగ్నిన్ అడ్డం. పల్చటి కాస్టిక్ సోడాతో నానబెట్టి కడిగితే దారికొస్తుంది, ఆ కడిగిన నీళ్లు మళ్లీ ఓ తలనొప్పి. గోధుమ తవుడు ఒక్కటే అన్ని బూజులకూ నచ్చుతుంది, పిండిపదార్థం, ప్రోటీను, అరబినోజైలాన్ (జైలాన్‌లో ఒక రకం) అన్నీ అందులోనే ఉన్నాయి. అయితే తేలిగ్గా దొరికే చక్కెర ఎక్కువైనా చేటే. గ్లూకోజు ఎదురుగా ఉంటే ట్రైకోడెర్మా సీఆర్‌ఈ1 అనే తాళం వేసి సెల్యులేజు జన్యువులను మూసేస్తుంది, తిండి సిద్ధంగా ఉన్నప్పుడు కష్టపడటమెందుకని. పిప్పిని వాడేముందు కడగడం అందుకే. మా మిశ్రమం రెండు వంతుల తవుడు, ఒక వంతు ముతకగా నరికిన గడ్డి. గడ్డి ఇక్కడ మేతగా కన్నా తవుడు రేణువుల మధ్య గాలి సందులు నిలబెట్టడానికే ఎక్కువ పనికొస్తుంది. మెత్తగా దంచి వేస్తే ఆ పని జరగదు.

సెల్యులేజు మాత్రమే కావాలనుకునేవాళ్లకు ఓ మాట. సెల్యులోజు తెగితే వచ్చే జంట చక్కెర సెల్లోబయోజును గ్లూకోజుగా విడగొట్టే బీటా గ్లూకోసిడేజును రీసీ బయటికి తక్కువ వదులుతుంది, సెల్లోబయోజు పేరుకుపోయి పని నెమ్మదిస్తుంది. నైగర్ ద్రావణం కొంచెం కలిపితే ఆ కొరత తీరుతుంది. రెండు అలమరలు కొనమని కాదు, ట్రేలు వంతులవారీగా నడపమని.

ఇక తలుపు. ఈ సమీక్ష రాయడానికి కూర్చున్నదే దీని కోసం. నైగర్ నల్లగా గింజకట్టిన ట్రేలు లోపలుండగా తలుపు తీస్తే ఫ్యాను ఆగదు. ఆపే స్విచ్చు తలుపుకు పెట్టలేదు. మొదటిసారి తెరిచినప్పుడు నల్లటి పొడి ఒక్క ఉదుటున బయటికి కొట్టింది, నా కళ్లద్దాల మీద వేలితో గీత గీస్తే కనిపించేంత. బయటికి పోయే గాలి గొట్టానికి ఫిల్టరు కూడా లేదు, సన్న జాలి ఒకటుంది, దోమలు రాకుండా కాబోలు. స్పోర్లు, అంటే ఆ పొడిలోని బూజు విత్తనాలు, ఒక ఇబ్బంది, ఎండిన ఎంజైము ధూళి దానికి మించినది. 1960ల చివర్లో డిటర్జెంట్ ఫ్యాక్టరీల్లో బ్యాక్టీరియా ప్రోటియేజు పొడి పీల్చిన కార్మికులకు ఉబ్బసం పట్టుకున్నాకే ఎంజైములను ధూళి లేవకుండా గుళికలుగా చేయడం మొదలైంది. ఈ సంగతి తెలిసిన పరిశ్రమలో, ఫ్యానుకో స్విచ్చు పెట్టకపోవడం మరపు అనుకోను, నిర్లక్ష్యమంటాను.

మేం బయటి నుంచి ఎలక్ట్రీషియన్‌ను పిలిపించి తలుపుకు స్విచ్చు పెట్టించాం, గాలి గొట్టానికి హెపా ఫిల్టరు బిగించాం. స్పోర్లు కట్టకముందే కోస్తున్నాం, ఎన్95 మాస్కు లేకుండా ఎవరినీ గదిలోకి రానివ్వడం లేదు. ఈ మార్పులకు వారంటీ పోతుందని మెయిల్ వచ్చింది. పోనీయండి.

ఎవరు కొనొచ్చు? పాఠశాలల ల్యాబులు, కాలేజీలు అసలు వద్దు. ట్రేకు రెండున్నర సెంటీమీటర్లు మించి పోయకుండా నడపగలిగి, పగలూ రాత్రీ చూసే మనిషి ఉన్న చిన్న యూనిట్లు కొనుక్కోవచ్చు, తేమ నిలబెట్టే యంత్రం ఇంత చక్కనిది వేరే చూడలేదు. సరుకు పెంచాలనుకునేవాళ్లు మాత్రం ట్రేల మీదుగా కాకుండా మేతలోంచే గాలిని తోసే రకం వైపు చూడండి, గాలి లోపల్నుంచి వెళ్తూ వేడినీ ఆవిరినీ తనతోనే తీసుకెళ్తుంది.

కొత్త మోడల్‌లో ట్రేకు రెండు ప్రోబులు ఇస్తామని సేల్స్ వాళ్లు చెబుతున్నారు. ఆర్డరు మీద సంతకం పెట్టేముందు, ఆ ప్రోబులు మేతలోకి దిగేవేనని, తలుపు తీస్తే ఫ్యాను ఆగుతుందని కాగితం మీద రాయించుకోండి.